రేపటి నుంచి ఇరవై మంది

మైకయ్య అసలు పేరు హాజరు పట్టీలో తప్ప మరెక్కడా వినపడేది కాదు. మున్సిపల్ ఆఫీసులో ప్రకటనలు చదివే ఉద్యోగం అతనిది. ఇరవై రెండేళ్లుగా ఆటోలో డ్రైవరు పక్కన సగం సీటు మీద ఒదిగి కూర్చుని, నీళ్లు ఎన్ని గంటలకు వదులుతారో, ఏ వీధిలో కరెంటు తీస్తారో, తప్పిపోయిన పిల్ల ఏ రంగు గౌను వేసుకుందో ఊరికి చెబుతూ వచ్చాడు. పిల్ల దొరికితే ఆ మాటా చెప్పేవాడు. అది ఆఫీసు కాగితంలో ఉండేది కాదు. ఎందుకయ్యా అంటే, "దొరికిందని చెప్పకపోతే వెతికేవాళ్ల కాళ్లు ఎలా ఆగుతాయండీ?" అనేవాడు.

ఇంటావిడ మాత్రం ఎత్తిపొడిచేది. "ఊరందరికీ అన్నీ చెప్పే గొంతు. ఇంట్లో పిలిస్తే మాత్రం 'ఊఁ' అని ఒక్క ముక్క. నేనూ ఆఫీసు నుంచి కాగితం పంపించాలేమో!"

ఊళ్లోకి అంటుజబ్బు వచ్చాక ఆ గొంతుకి తీరిక లేకుండా పోయింది. కొట్లు మధ్యాహ్నం దాకా అన్నారు. తరవాత పది దాకానే అన్నారు. ఆ తరవాత వీధికి కుడివైపు కొట్లు ఒకరోజు, ఎడమవైపువి ఒకరోజు అన్నారు. ఆ ప్రకటన చదువుతుంటే ఇస్త్రీ కొట్టు ముసలాయన ఆటోకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఏది కుడి, మైకయ్యా? నువ్వు వచ్చేటప్పుడా, పోయేటప్పుడా?"

మైకయ్య కాగితం తిప్పి చూశాడు. వెనక ఏమీ లేదు. డ్రైవరు పడీ పడీ నవ్వాడు. "బాబాయ్, నువ్వు తిరిగి కూర్చో, సరిపోతుంది!" మర్నాడు ఆఫీసువాళ్లు ప్రతి కొట్టు తలుపు మీదా సున్నంతో ఒకటి, రెండు అంకెలు వేయించారు.

ఆఫీసువాళ్లను అనడానికీ లేదు. పైనుంచి ఆర్డరు సాయంత్రం అయిదింటికి వచ్చేది. కమిషనరు కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని రెండుసార్లు చదివేవాడు. పెద్ద గుమాస్తా దాన్ని తెలుగులోకి దింపేవాడు. ఆరింటికల్లా కాగితం మైకయ్య చేతికి అందేది. ఇవాళ వచ్చింది ఇవాళే అమలు చేయలేరు కాబట్టి ప్రతి కాగితమూ 'రేపటి నుంచి' అనే మొదలయ్యేది. గుమాస్తాకి అది చేతి అలవాటు, మైకయ్యకి నోటి అలవాటు.

ఆ సోమవారం వచ్చిన కాగితం కొంచెం మెత్తనిది. అంతిమయాత్రకు అప్పటిదాకా ఐదుగురినే పంపేవారు. దాన్ని ఇరవై మందికి పెంచారు. అలాంటి మాట చదవడానికి మైకయ్యకి ప్రాణం లేచొచ్చింది. కానీ గొంతు లేవలేదు. ఏడు వారాలు అరిచిన గొంతు, చిల్లు పడిన డప్పులా బొంగురుపోయింది. డ్రైవరు తన ఫోను తీశాడు.

"బాబాయ్, ఒక్కసారి ఇందులోకి చదివెయ్. దీన్ని మైకు దగ్గర పెడితే అదే తిరుగుతుంది. నువ్వు పడుకో."

వేడినీళ్లు తాగి, గోడవైపు తిరిగి, మైకయ్య ఒక్కసారి చదివాడు. "రేపటి నుంచి అంతిమయాత్రకు ఇరవై మందిని అనుమతిస్తారు. పాసు కోసం ఆఫీసులో పేర్లు రాయించుకోగలరు." ఆ సాయంత్రం నాలుగు వీధులకు అందింది. మిగతా వీధుల మాటేమిటని డ్రైవరు అడిగితే, "రేపు పొద్దున్న కూడా ఇదే తిప్పు నాయనా" అని చెప్పి ఇంటికి పోయాడు. ఏడు వారాల్లో అతను ఒళ్లు వాల్చిన పగలు ఆ మంగళవారం ఒక్కటే.

మంగళవారం పొద్దంతా ఆ గొంతు ఊళ్లో తిరిగింది. 'రేపటి నుంచి ఇరవై మంది.' ఆఫీసు ముందు నుంచి రెండుసార్లు పోయింది. గోడ గడియారం చప్పుడుకి అలవాటు పడ్డట్టే ఆ గొంతుకీ అలవాటు పడిపోయారు అందరూ. ఒక్కరూ తలెత్తలేదు.

ఒక ఇంట్లో మాత్రం విన్నారు. దర్జీ ఇంట్లో.

ఆఫీసుకి మాస్కులు కుట్టిచ్చిన దర్జీయే అతను. అతని భార్యకి ఏళ్ల తరబడి ఉబ్బసం. మంగళవారం తెల్లవారుతూనే కన్నుమూసింది. ఊళ్లో తిరుగుతున్న జబ్బు కాదని డాక్టరు కాగితం రాసిచ్చాడు. దర్జీ గుమ్మంలో చెప్పులేసుకుని పాసు కోసం బయలుదేరుతుండగా ఆటో వెళ్లింది. ఇవాళ ఐదుగురే, రేపయితే ఇరవై మంది. ఆవిడ తల్లీ, ఇద్దరు చెల్లెళ్లూ ఏటి అవతల ఉంటారు. పాసు లేనిదే వంతెన దాటనివ్వరు. ఐదుగురయితే మోయడానికి నలుగురు, తనొకడు. ఇక అత్తగారికి చోటేది? దర్జీ చెప్పులు విప్పేశాడు. ఐసు దిమ్మలు తెప్పించాడు. అత్తగారికి ఫోను చేశాడు. "అత్తయ్యా, రేపు రావచ్చంట. రేపటిదాకా ఉంచుతాను" అన్నాడు.

అదే సాయంత్రం అయిదింటికి ఇంకో ఆర్డరు వచ్చింది. కేసులు పెరిగాయి. బుధవారం నుంచి మళ్లీ ఐదుగురే.

బుధవారం పొద్దున మైకయ్య కాగితం కోసం ఆఫీసుకి వచ్చేసరికి పాసుల కిటికీ ముందు దర్జీ నిలబడి ఉన్నాడు. కిటికీ లోపల పాసులు రాసే ఆవిడ కూర్చుని ఉంది. ఆమెను అందరూ పాసులమ్మ అంటారు. వచ్చినవాళ్లకి ముందు మంచినీళ్ల గ్లాసు ముందుకి జరిపి, అప్పుడు పెన్ను తీసే మనిషి.

"ఇరవై మందికి రాయండమ్మా" అన్నాడు దర్జీ. "పేర్లు తెచ్చాను. మా అత్తగారు మొదటి పేరు."

పాసులమ్మ పెన్ను ఆగింది. "ఇరవై నిన్నటితో అయిపోయిందయ్యా. ఇవాళ్టి నుంచి ఐదుగురే."

"అదేంటమ్మా, రేపటి నుంచి ఇరవై అని నిన్నేగా మైకులో చెప్పారు? నా చెవులతో విన్నాను. నిన్న పొద్దున తొమ్మిదింటికి."

"నిన్న కాదు, మొన్న చెప్పుంటారు..."

"మొన్న మా ఆవిడ బతికే ఉందమ్మా."

తప్పు ఎక్కడ జరిగిందో ఆ ఆఫీసులో మైకయ్య ఒక్కడికే అర్థమైంది. మాట తనదే. కానీ అది ఒకరోజు ఆలస్యంగా తిరిగింది. మంగళవారం నోట్లో పడేసరికి సోమవారపు నిజం అబద్ధమైపోయింది.

నోరు మూసుకుని పక్కకు తప్పుకోవచ్చు. డ్రైవరు ఫోను అది, ఎవరడుగుతారు? మైకయ్య కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకున్నాడు, కిటికీ దగ్గరికి వెళ్లాడు.

"బాబూ, నువ్వు విన్నది నిజమే. సోమవారం నేను చదివినదాన్ని నిన్న మళ్లీ తిప్పమన్నాను. ఇరవై మంది వెళ్లడానికి వీలున్నది నిన్ననే. నా తప్పు."

దర్జీ అతని ముఖంలోకి చూశాడు. తిట్టలేదు. చేతిలో పేర్ల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "అయితే ఐదుగురికి రాయండమ్మా" అన్నాడు. "నలుగురు మోసేవాళ్లు, నేను."

మైకయ్య కమిషనరు గదిలోకి వెళ్లాడు. ఇరవై రెండేళ్లలో పిలవకుండా ఆ గుమ్మం దాటడం అదే మొదలు. జరిగింది చెప్పాడు. కమిషనరు అతన్ని కూర్చోమన్నాడు. "పెంచడం నా చేతుల్లో లేదు. ఐదంటే ఐదే. ఆరో మనిషిని పంపితే రేపు ప్రతి ఇంటికీ ఏం సమాధానం చెప్పను?" ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి.

మైకయ్య చేతులు కట్టుకుని అడిగాడు. "అయ్యా, శ్మశానంలో పనిచేసే మన మనుషుల్ని ఆ ఐదుగురిలో లెక్కేస్తారా?"

"మన స్టాఫా? లేదే. వాళ్లు డ్యూటీలో ఉంటారు."

"అయితే మోసే ఆ నలుగురం మేమే అవుతాం. మా డ్యూటీ అక్కడ వెయ్యండి."

కమిషనరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఒక చీటీ రాశాడు.

కుళాయిలు తిప్పే లైన్‌మాన్ అడగ్గానే వచ్చాడు. శానిటరీ మేస్త్రి, "మనమేం చుట్టాలమా, పక్కాలమా?" అని సణుగుతూనే తొడుగులు వేసుకున్నాడు. డ్రైవరు ఫోను జేబులోంచి తీసి ఆఫీసు బల్ల సొరుగులో పడేసి తనూ బయలుదేరాడు. అది తన దగ్గర ఉండకూడదని అతనికే తోచింది. అలా నలుగురూ కుదిరారు. పాసులమ్మ ఐదు పేర్లు రాసింది. దర్జీ, అతని కూతురు, అత్తగారు, భార్య ఇద్దరు చెల్లెళ్లు.

శ్మశానంలో ఒక్కో ఇంటికీ అరగంట వంతు. దర్జీవాళ్లది పది నుంచి పదిన్నర. పదికి ఐదు నిమిషాల ముందే శరీరాన్ని గేటు దాకా చేర్చారు. అత్తగారు రాలేదు. డ్రైవరు ఆటో తీసుకుని వంతెన దగ్గరికి పరుగెత్తాడు. ఏటి అవతలిది వేరే మున్సిపాలిటీ, వేరే రూలు. ఆ పొద్దుటి నుంచే అక్కడ ఇంటికి ఒక్కరినే వదులుతున్నారు. పాసు మీద ముగ్గురి పేర్లున్నా సరే. చెల్లెళ్లిద్దరూ అడ్డకర్ర అవతలే ఉండిపోయి తల్లిని పంపారు. వంతెన మీద బండ్లు తిరగడం లేదు. డెబ్బై ఏళ్ల మనిషి చేతికర్ర పట్టుకుని, ఎండలో, ఆ పొడుగునా నడిచి రావాలి.

పదిన్నర అయింది. కాపలాదారు గడియారం చూసుకుని తల వంచుకున్నాడు. "మైకయ్యా, నన్ను తిట్టుకోకు. వెనక వంతు వాళ్లు వచ్చేశారు."

వెనక వంతు వాళ్లంటే ఒక నడివయసు ఆవిడా, ఆమె మరిదీ. వాళ్లకి ఇద్దరే ఉన్నారు, ఐదుగురు కూడా లేరు. సంగతి విని ఆ ఆవిడ గోడవారన నీడలో చతికిలబడింది. "మా ఆయనకి ఇప్పుడు తొందరేముంది, అన్నయ్యగారూ? ఏ పనికీ టైముకి బయలుదేరేవాడు కాదు. ముందు వాళ్లమ్మని చూడనివ్వండి" అంది. అంటూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పదకొండుకు కొంచెం ముందు ఆటో వచ్చింది. ముసలావిడ దిగి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లోపలికి నడిచింది. రెండు బారల దూరంలో సున్నంతో గీసిన గీత దగ్గర ఆపారు. ముఖం మీద గుడ్డ తొలగించారు. ఐసు కరిగిన నీళ్లకి కూతురి జుట్టు నుదుటికి అతుక్కుపోయి ఉంది. "చిట్టితల్లీ, జుట్టు తుడుచుకోలేదేమే" అంది తల్లి. ఏటి అవతలి నుంచి వచ్చినవాళ్లు ముట్టుకోవడానికి వీల్లేదు. ఒకే ఇంట్లో ఉన్న మనవరాలు వెళ్లి తన కొంగుతో తుడిచింది.

నలుగురూ మోశారు. మైకయ్య ముందు ఎడమవైపు పట్టాడు. మనిషి తేలికగానే ఉంది. అయినా భుజం వంగిపోయింది.

అంతా అయ్యాక అతను ముసలావిడకి నీళ్లు ఇచ్చి, "కాస్త తాగండమ్మా, మళ్లీ అంత దూరం నడవాలి" అన్నాడు. గ్లాసు పట్టుకున్న చెయ్యి అక్కడే ఆగింది.

"ఈ గొంతు... మైకులో చెప్పింది నువ్వే కదూ? అల్లుడు ఫోను కిటికీ దగ్గర పెట్టి వినిపించాడు."

"నేనేనమ్మా."

"నిన్నయితే మా పిల్లలిద్దరూ కూడా చూసేవాళ్లు నాయనా."

అంతే అంది. నీళ్లు తాగి గ్లాసు వెనక్కి ఇచ్చింది.

తనకి శిక్షగా మెమో ఇమ్మని మైకయ్య ఎంత అడిగినా ఇవ్వలేదు ఎవరూ. 'రేపటి నుంచి' అన్న మాట మాత్రం అతని నోటంట మళ్లీ రాలేదు. గుమాస్తా కాగితంలో ఆ మాట ఉంటే పెన్నుతో కొట్టేసి, పైన వారమూ తేదీ రాసుకునేవాడు. బొంగురు గొంతుతోనే తనే చదివేవాడు. డ్రైవరు ఇంకెప్పుడూ ఫోను ఇవ్వబోలేదు. ఆ సంవత్సరంలో ఇరవై మంది అన్నారు, పది అన్నారు, మళ్లీ ఐదన్నారు, ఆఖరికి యాభై అన్నారు. అన్నిటినీ తేదీతో సహా రెండేసిసార్లు చదివాడు.

దర్జీ వీధి వచ్చినప్పుడు మాత్రం మైకు ఆపించి ఆటో దిగేవాడు. గడప గడపకీ వెళ్లి నోటితోనే చెప్పేవాడు. దర్జీ కొట్టు దగ్గరా నిలబడి చెప్పేవాడు. మిషను ఆగేది. దర్జీ తలెత్తేవాడు కాదు. సూది కింద గుడ్డ అలాగే పట్టుకుని, ప్రతిసారీ ఒక్కటే అడిగేవాడు.

"ఏ రోజు నుంచి?"

మైకయ్య వారం చెప్పేవాడు, తేదీ చెప్పేవాడు. మిషను మళ్లీ కదిలేదాకా అక్కడే నిలబడేవాడు.