వస్తాదు పోయిన కబురు

మాదాపూర్‌లో అద్దాల మేడలు అప్పుడప్పుడే లేస్తున్న రోజులు. బోరబండ నుంచి అటు వెళ్లే బస్సులో, నా పేపర్లో ఒక చిన్న వార్త చూసి పక్కనున్న తాపీమేస్త్రీ నా మణికట్టు పట్టుకున్నాడు. టీవీ కుస్తీల్లో పేరుమోసిన వస్తాదు ఒకడు చనిపోయాడని వార్త. ఆ పట్టు ముందు నా డిగ్రీ అంతగా పనికొచ్చేలా లేదు.

“సదువుకున్నోళ్లు ఆ కుస్తీలన్నీ నాటకమంటరు గద సార్. గిది గూడ నాటకమేనా?”

అవన్నీ బూటకమని హాస్టల్లో ఎందరితోనో వాదించి గెలిచినవాణ్ణి. నా వాదన ఒకరికి అవసరపడటం అదే మొదటిసారి.

“ఆ వస్తాదు ఎన్నిసార్లు పడ్డా, మూడు లెక్కవెట్టేలోపల లేస్తుండె,” అంటూ వెనక సీటు వైపు కళ్లతో చూపించాడు. “మా అన్న సార్. నిన్న టీవీల జెప్పిన సంది ముద్ద ముడుతలేడు.”

సిమెంటు మరకల చొక్కాతో ఒక నడివయసు మనిషి మా ఇద్దరినే చూస్తున్నాడు.

“ఇది నిజమేనండి,” అన్నాను మెల్లగా.

మేస్త్రీ పట్టు వదల్లేదు. వెనక్కి తిరిగి, బస్సంతా వినేలా చెప్పాడు.

“అన్నా, నాటకమేనంట. సారు చెప్తుండు.”

ఆయన నాకు దండం పెట్టాడు. తిరిగి పెడదామంటే నా కుడిచెయ్యి ఇంకా తమ్ముడి గుప్పిట్లోనే ఉంది. తలూపాను.