ఉపదేశిగారి నిద్ర

పద్నాలుగేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇన్నాళ్లూ దానికి వేరే పేర్లు పెట్టుకుంటూ వచ్చాను. కోపం అన్నాను, మా అమ్మ మీద ప్రేమ అన్నాను, సంఘం మర్యాద అన్నాను. ఏ పేరు పెట్టినా బరువు మాత్రం తగ్గలేదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనవసరం లేదు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

కర్నూలుకు రెండు గంటల దూరంలో మా పల్లె. టీచరుగా చేసి రిటైరయ్యాను. మా తాతల కాలంనాటి చర్చి ఉంది. దాని సంఘానికి చాలా ఏళ్లు నేనే కార్యదర్శిని. పాస్టరుగారు నెలకోసారి వచ్చేవారు. మిగతా ఆదివారాలు గంట కొట్టడం, ఆరాధన నడపడం, జబ్బుపడిన వాళ్ల ఇళ్లకు వెళ్లి ప్రార్థన చేయడం అన్నీ ఉపదేశి దేవదానంగారే చూసుకునేవారు. చర్చి పక్కనున్న ఒంటిగదిలో ఆయన, భార్య రాహేలమ్మ ఉండేవారు. పిల్లలు లేరు.

దేవదానంగారు లావుపాటి మనిషి. పొట్టి మెడ. ఎక్కడ కూర్చోబెడితే అక్కడ కునుకు తీసేవారు. ఇంకొకరు కీర్తన పాడుతుంటే తల వాలిపోయేది, చివరి చరణానికి ఉలిక్కిపడి లేచి అందరికంటే గట్టిగా ఆమెన్ అనేవారు. అందరం నవ్వుకునేవాళ్లం. నేనూ నవ్వాను. ఆ నవ్వులో చెడు ఏమీ లేదు, అప్పటికి.

మా అమ్మ పోయిన ఏడాదికి జ్ఞాపకార్థ కూడిక పెట్టాము. కడప నుంచి మా చిన్నాన్నలు, అత్తలు వచ్చారు. అమ్మ కోసం ప్రార్థన చేయమని దేవదానంగారిని అడిగాను. ఆయన నా పక్కనే బల్ల పట్టుకుని నిలబడ్డారు. అందరం కళ్లు మూసుకున్నాం. అమ్మ పేరు చెప్పి, ఆమె మంచితనం గురించి రెండు మాటలు చెప్పి ఆగిపోయారు. కన్నీళ్లు వచ్చి ఆగారనుకున్నాను. తర్వాత గురక వినిపించింది. నిలబడే నిద్రపోయారు ఆయన! వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు మిగతా వాళ్లకు అంటుకుంది. మా అత్త ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ వారమే సంఘం కమిటీ కూర్చుంది. ఐదుగురం. నిద్రపోయాడు, మందలిద్దాం అని పెద్దలు తేల్చేస్తున్నారు. అది నాకు చాలలేదు. ఆయన సిగ్గుపడాలి, నేను పడినంతా పడాలి. "ఆ రోజు ఆయన దగ్గర సారాయి వాసన వచ్చింది" అన్నాను.

అంతే. ఎవరూ నన్ను మళ్లీ అడగలేదు. ఆయనకు అందరికంటే దగ్గరగా నిలబడింది నేను. పైగా టీచరమ్మను. నేనెందుకు అబద్ధం చెప్తాను? ఆ మాట నాలుక మీదికి ఎక్కడి నుంచి వచ్చిందని నన్ను నేను ఎన్నోసార్లు అడిగి చూసుకున్నాను. తడబాటు అనుకోవడానికి లేదు, ఎందుకంటే చెప్పేటప్పుడు నా గొంతు చాలా నిదానంగా ఉంది.

బయటికి వచ్చేసరికి దేవదానంగారు లోపలి మాటలు వింటూ వరండాలో నిలబడి ఉన్నారు. తిడతారనుకున్నాను. తిట్టలేదు.

"టీచరమ్మా, నా దగ్గర నిజంగా వాసన వచ్చినాదా? నేనైతే తాగలేదు. ఈ మత్తు యాడి నుంచి వస్తాండాదో నాకే తెలీడం లేదు. మజ్జిగలో ఎవరన్నా ఏమన్నా కలిపినారేమో. మీరు సెప్తే నమ్ముతా."

ఆయన నన్ను నిలదీయడం లేదు. తెలుసుకోవాలని అడుగుతున్నారు. అప్పుడైనా సరిదిద్దుకోవచ్చు. ఒక్క మాట చాలు.

"వచ్చింది" అన్నాను.

ఉద్యోగం పోయింది. దానితో గదీ పోయింది. ఊరి చివర కొట్టం వేసుకుని ఇద్దరూ కూలికి పోయారు. చేను గట్టు మీద కూర్చుని ఆయన తూగితే, పట్టపగలే తాగినాడు అనేవారు జనం. మూడేళ్ల తర్వాత ఒక పొద్దున ఆయన నిద్ర లేవలేదు. తాగి తాగి పోయినాడు అన్నారు. సమాధి దగ్గర నేను కూడా పిడికెడు మట్టి వేశాను.

నాకు జబ్బు బయటపడింది నిరుడు. నేనూ కూర్చున్నచోట నిద్రపోవడం మొదలుపెట్టాను. బస్సులో దిగాల్సిన ఊరు దాటిపోయేది. చర్చిలో తల వాలేది. ఒక్కరైనా నవ్వారా? "పాపం, టీచరమ్మకు అలుపు" అని పక్కనున్నామె తన భుజం ఆనించేది. కర్నూలులో ఒళ్లంతా వైర్లు తగిలించి నిద్రను పరీక్ష చేశారు. నిద్రలో నా ఊపిరి గంటకు ఎన్నోసార్లు ఆగిపోతోందట. రాత్రంతా పడుకున్నా అది నిద్ర కాదట. "తూగే వాళ్లను చూసి బద్ధకం అంటారు, తాగినారు అంటారు. ఇది జబ్బమ్మా" అన్నాడు డాక్టరు. పొట్టి మెడ ఉన్నవాళ్లకు ఎక్కువగా వస్తుందని కూడా అన్నాడు. నేను చీటీ తీసుకుని బయటికి వచ్చి, అక్కడి బల్ల మీద చాలాసేపు కూర్చుండిపోయాను.

ఊపిరి మిషన్ ఇచ్చారు. ముక్కుకు మాస్కు, దానికో గొట్టం. నన్ను చూసి మా ఆయన "వినాయకుడికి దండం పెట్టుకోవాల్సిందే" అన్నాడు. మొదటి వారం మాస్కు పీకి పారేశాను. గాలి ముఖాన కొడుతుంటే ఎవరో గొంతులోకి ఊదుతున్నట్టు ఉండేది. నోరు ఎండిపోయేది. మిషన్ అమ్మినతను పగటిపూట అరగంటసేపు పెట్టుకుని అలవాటు చేసుకోమన్నాడు. అందుకని మధ్యాహ్నాలు మాస్కు పెట్టుకుని, మంచం మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలిచేదాన్ని. ఇరవై రోజులు పట్టింది. ఒక పొద్దున లేచేసరికి తల తేలికగా ఉంది. కాఫీ వాసన పక్కగది నుంచే తెలిసింది. మెలకువ అంటే ఇదా అనిపించింది. ఆ మనిషికి ఇలాంటి ఒక్క పొద్దున కూడా దక్కలేదు. ఆయనది జబ్బే అయితే, దాన్ని తాగుడు అని చెప్పి, ఎవరైనా ఆయన్ను డాక్టరు దగ్గరికి తీసుకుపోయే దారి మూసింది నేనే. ఆ పొద్దున బాగా ఏడ్చాను.

పోయిన వారం మధ్యాహ్నం, నేను అలవాటుగా మాస్కు పెట్టుకుని కాయలు ఒలుస్తుంటే, రాహేలమ్మక్క నన్ను చూడటానికి వచ్చింది. నా పక్కన కూర్చుని తనూ కాయలు ఒలుస్తూ మిషన్ వైపు చూసింది. నిద్రలో ఊపిరి ఆగకుండా ఇచ్చారని చెప్పాను. "ఆయప్పకూ ఇట్లనే. గురక పెడతాండె. మధ్యలో ఊపిరి ఆగిపోతాండె, నేను తట్టి లేపుతాంటి" అంది.

మాస్కు తీసేశాను. "అక్కా, ఆయన తాగలేదు. వాసన రాలేదు. నేను అబద్ధం చెప్పినా" అన్నాను.

ఆమె చేతులు ఆగిపోయాయి.

"తాగలేదని ఆయప్ప నాకు దినామూ సెప్పె" అంది. "టీచరమ్మ అబద్ధమాడదని నేనే నమ్మకపోతి. పనికి పోయి వస్తానే దగ్గరికి పోయి నోరు వాసన చూస్తాంటి. పోయే ముందురోజు గూడా చూస్తి."

క్షమించమని అడగాలనుకున్నదాన్ని అడగలేకపోయాను. ఆమె ఒడిలోని పొట్టు దులుపుకుని లేచింది. "ఇంట్లో నాకు సెప్తే ఏమొచ్చె? యాడ సెప్పినావో ఆడ సెప్పు" అని వెళ్లిపోయింది.

ఆరోగ్యం బాగైనందుకు వచ్చే ఆదివారం నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. మా సంఘంలో అది మామూలే. అందరి ముందూ నిలబడి దేవుడు చేసిన మేలు చెప్పుకుంటాం. నేను చెప్పబోయేది అది కాదని రాహేలమ్మక్కకు, మా ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. అంతమంది ముందు నోరు పెగులుతుందా? ముసలితనంలో ఇదంతా ఎందుకు అంటాడు మా ఆయన. మర్యాద పోతుందని నాకూ భయంగానే ఉంది. ఆమె నన్ను క్షమిస్తుందని అనుకోవడం లేదు. అడిగే ముఖం కూడా లేదు.

అందుకే ముందు మీ దగ్గర, అక్కడ చెప్పబోయేట్టుగానే చెప్పి చూసుకుంటున్నాను. దేవదానంగారు తాగలేదు. ఆయన దగ్గర ఏ వాసనా రాలేదు. నేను అబద్ధం చెప్పాను.