ఉసేనయ్య ఆపమన్న కారు

ఈ ఉదయం వనపర్తి బస్టాండు పక్కన ఎవరో గ్యాసుతో పాత జీపును కోస్తున్నారు. కాలిన రంగు వాసన తగలగానే నా పళ్లు బిగుసుకున్నాయి. ఇన్నేళ్లయినా ఆ వాసన నాకు ఉసేనయ్యనూ, ఆయనకు నేను చేసిన అన్యాయాన్నీ గుర్తు చేస్తుంది.

ఉసేనయ్య గద్వాలలో మగ్గాల ఇంట పుట్టి, వనపర్తిలో మెకానిక్ అయ్యాడు. నేను అక్కడి కాలేజీలో ఆటోమొబైల్ పాఠాలు చెప్పడానికి కొత్తగా చేరాను. స్కూటర్ బాగు చేయించుకోవడానికి వెళ్లి, ఆయన షెడ్డులో ఆ ఫ్రెంచి కారును చూశాను. ముందు ముక్కు సాగి, వెనక సన్నబడి, వెనక చక్రాలను సగం దాచుకున్న నల్ల కారు. మా కాలేజీ కమిటీ పెద్దాయన తండ్రి ఎప్పుడో కొన్నది.

"స్టార్ట్ చేస్త, సూడుండ్రి మేడం" అన్నాడు. నేలకు అంటుకుని కూర్చున్న బండి మెల్లగా పైకి లేచింది. "దీనికి స్ప్రింగులు లేవు. నూనె, గ్యాసు, గంతే. గా నూనె తోటే బ్రేకులు గూడ పడ్తయి. ఎవడు గీసిండో గానీ, వాని చేతులకు మొక్కాలె."

డిగ్రీలో చదివిన దానికంటే ఎక్కువ ఆ కారు కింద పడుకుని నేర్చుకున్నాను. ఆ నూనె పారే గొట్టాలన్నీ నాతో కాగితం మీద గీయించేవాడు. తప్పు గీస్తే చింపేసేవాడు.

పెద్దాయనకు ఆ కారును పెళ్లి ఊరేగింపులకు తిప్పాలనిపించింది. సామాను దొరకడం లేదని, గొట్టాలన్నీ కోసేసి జీపు స్ప్రింగులు వేయమన్నాడు. నేనక్కడే ఉన్నాను.

"బ్రేకులు పోతయి సారూ. మనుషులు సస్తరు. నేను కొయ్య. ఈ పని ఆపుండ్రి."

"నువ్వు కాకుంటే ఇంకోడు" అంటూ ఆయన బండిని ఎదురు షెడ్డుకు లాగించాడు. అక్కడ కోస్తుంటే కాలిన రంగు వాసన మా దాకా వచ్చింది.

నెల తిరగకముందే గద్వాలలో, ఊరేగింపు ముందు నడుస్తున్న డప్పు కొట్టే మనిషి మీదికి ఆ కారు ఎక్కింది. కాలు నుజ్జయింది. పెద్దాయన పోలీసులకు ఉసేనయ్య పేరు చెప్పాడు. ఏళ్ల తరబడి బాగు చేసింది ఆయనే కాబట్టి అందరూ నమ్మారు.

"మీరు ఇన్నరు గద మేడం. వచ్చి జర చెప్పుండ్రి" అని ఉసేనయ్య నన్ను అడిగాడు.

నా ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. "నన్నెందుకు లాగుతవు ఉసేనయ్యా?" అన్నాను.

రెండు నెలలకు నా మీద నాకే అసహ్యం పుట్టింది. గీసిన బొమ్మలన్నీ పట్టుకుని గద్వాల స్టేషనుకు వెళ్లి, విన్నదంతా రాసి సంతకం చేశాను. ఆయన మీది కేసు పోయింది. నా ఉద్యోగమూ పోయింది. అప్పటికే షెడ్డు మూతపడింది.

క్షమాపణ అడగడానికి గద్వాలలో వాళ్లన్న ఇంటికి వెళ్లాను. ఉసేనయ్య లేచి నిలబడలేదు.

"మాఫీ నాకెందుకు? గా డప్పాయన కాలు వస్తదా? ఇంకోపారి నోరు మూసుకోకుండ్రి."

అవే ఆయన నాతో అన్న చివరి మాటలు. పోయాడన్న సంగతి ఆరు నెలల తరవాత తెలిసింది.

నా కోపం చల్లారలేదు, చల్లారనివ్వను. సగం పెద్దాయన మీద, సగం నా మీద. ఇప్పుడు నాగర్‌కర్నూల్‌లో ఒక కాలేజీలో పనిచేస్తున్నాను. పోయిన నెల పిల్లల బస్సుకు బ్రేకులు సరిగా పడకపోయినా, బాగుందని సంతకం పెట్టమన్నాడు ప్రిన్సిపాల్.

"రేపు చూయిద్దాం మేడం. ఇయ్యాల పోనీయండి."

నేను బస్సెక్కి తాళం చెవి లాక్కున్నాను. పిల్లలందరినీ దిగమన్నాను, రోడ్డు మీద ఆటోవాళ్లు కూడా తిరిగి చూసేంత గట్టిగా.