గడ్డిపోచ ఊగేదాకా

పొద్దున్నే పొయ్యి రాజేయకముందే మా అత్త గోడకున్న కొయ్యల మీద నుంచి తుపాకీ దింపేది. గొట్టం పొడవునా బొటనవేలు నడిపించి, ఆ వేలిని కిటికీ వెలుతుర్లో చూసుకునేది. తుప్పు అంటకపోతే "దీని ఒళ్లు బాగానే ఉంది" అని మళ్లీ కొయ్యల మీద పెట్టేది. ఆ తర్వాతే కాఫీ. ఇప్పుడు ఆ వేలు నాది. కాఫీ మాత్రం ఇంకా ఇద్దరికీ సరిపడా పెడుతున్నాను. రెండో గిన్నె చల్లారాక పారబోస్తున్నాను. ఆవిడ పోయి ఇవాళ్టికి ఏడు శనివారాలు.

ఆవిడ పేరు పర్మీలియా. ఈ టెనెసీ కొండల్లో మా వాగు దాటి వెళ్లింది తక్కువ. తండ్రి తుపాకులు చేసేవాడు. కొడుకులు లేకపోవడంతో, గొట్టం లోపల మెలి తిరిగిన చాళ్లు కోసేటప్పుడు అవతలి కొస పట్టుకోవడానికి కూతుర్నే నిలబెట్టేవాడు. ఈ తుపాకీ చేసి ఆవిడ చేతికే ఇచ్చాడు. అత్తవారి గడప తొక్కగానే అది మా మావయ్యదయిపోయింది. కాల్చడం ఆయన పని, కడగడం ఆవిడ పని.

కడగడం అంటే మసిగుడ్డతో తుడవడం అనుకునేరు. ముక్కు విప్పాలి. ముక్కంటే గొట్టం అడుగున, సుత్తి దెబ్బకు పేలి నిప్పు పుట్టించే రాగి టోపీ తొడిగే చిన్న ఇనుప బుడిపె. మూతిలోంచి మరిగే నీళ్లు పోసి, కడ్డీ చివర నారపీచు చుట్టి పైకీ కిందికీ తోయాలి. మొదటి నీళ్లు కుళ్లిన గుడ్డు కంపుతో నల్లగా దిగుతాయి. తెల్లటి నీళ్లు వచ్చేదాకా చెయ్యి ఆపకూడదు. వేడికి గొట్టం దానంతటదే ఆరిపోతుంది. అప్పుడు గొర్రె కొవ్వు లోపలా బయటా దట్టంగా పూయాలి.

అంతవరకు నాకూ వచ్చు. అత్త ఇంకో పని చేసేది. గురి పందెం రోజు తెల్లవారగానే, మావయ్య బూట్లు తొడుక్కునే లోపల, లోపలి కొవ్వంతా పొడిగుడ్డతో తుడిచేసి, తుపాకీ మందు పోయకుండా ఉత్త టోపీ పెట్టి రెండుసార్లు కొట్టేది. రెండోసారి నన్ను మూతి పక్కన గడ్డిపోచ పట్టుకోమనేది. పోచ ఊగిందంటే దారి తెరుచుకున్నట్టు. ఊగకపోతే ముక్కు కంతలో కొవ్వు అడ్డం కూర్చున్నట్టు. అప్పుడు ఎంత మందు పోసినా నిప్పు లోపలికి వెళ్లదు. నలభై ఏళ్లలో మావయ్యకు ఈ సంగతే తెలియదు. కొయ్యల మీద నుంచి తీసుకునేవాడు, కాల్చేవాడు, పేలేది. తుపాకీ మంచిది అనుకునేవాడు.

నా భర్త అడవిలో దుంగ కింద పడి పోయిన రెండో ఏడు మావయ్యా పోయాడు. ఆ ఏడు ఆకులు రాలే రోజుల్లో, గొడ్డు పందెం నాటి పొద్దున, మావయ్య తమ్ముడు లమ్ బురద కాళ్లతోనే లోపలికొచ్చాడు.

"వదినా, తుపాకీ తీసుకెళ్తన్నా. అన్నా పోయాడు, నీ కొడుకూ పోయాడు. ఆడాళ్ల కొంపలో దానికేం పని?"

"అది మా నాన్న చేసింది లమ్."

"చేసింది మీ నాన్నే. కాల్చింది మా ఇంటోళ్లు."

అలవాటు కొద్దీ నేను గుడ్డా, టోపీల డబ్బా అందుకోబోయాను. అత్త నా మణికట్టు పట్టి ఆపింది.

"తీస్కెళ్లు మరిదీ," అంది. "తుపాకీ నీదైతే దాని చాకిరీ కూడా నీదే."

ఆ మాట ఆయనకు ఎక్కలేదు. మేమిద్దరం వెనకే నడిచాం.

పందెంలో గురి గీసిన చెక్క పలకను ఎవరిది వాళ్లు చెట్టుకు ఆనించుకుంటారు. దుంగ మీద తుపాకీ పెట్టి బోర్లా పడుకుని కాలుస్తారు. గురికి దగ్గరగా కొట్టిన నలుగురికి గొడ్డులో నాలుగు భాగాలు. ఐదోవాడికి తోలూ కొవ్వూ. ఆరోవాడికి ఆ చెట్టులో దిగిన సీసమంతా.

లమ్ మందు పోశాడు, గుండు దించాడు, పడుకుని గురి చూశాడు. టప్! టోపీ ఒక్కటే పేలింది. ఇంకోటి పెట్టాడు. టప్! మూడోదీ అంతే.

"ఒరేయ్ లమ్, మందు పోశావా, మొక్కజొన్న పిండి పోశావా?" అని ఒకడు కేకేశాడు.

"మీ ఆవిణ్ణి పిలుచుకురారా, వచ్చి ఊదుద్ది!" అని ఇంకొకడు.

లమ్ మొహం కందగడ్డయింది. లేచి, "పాడైపోయిందిది! ఒట్టి ఇనప ముక్క!" అని తుపాకీని దుంగ మీద పడేశాడు.

అత్త ముందుకొచ్చింది. "వద్దా నీకు?"

"ఈ తుక్కు ఎవడిక్కావాలి? నువ్వే పెట్టుకో!"

"ఆస్బరీ అన్నా, విన్నావుగా?"

పందెం నడిపే ముసలాయన ఆస్బరీ గడ్డం గోక్కున్నాడు. "చెవులున్నాయిగా చెల్లెమ్మా. విన్నా."

లమ్ అప్పటికే గుర్రం దగ్గరకు వెళ్లిపోయాడు. తర్వాత జరిగింది ఆయన చూడలేదు. అత్త జేబులోంచి ముక్కుకు పట్టే తాళంచెవి తీసి దాన్ని విప్పింది, పిన్నుతో కంత పొడిచింది, చిటికెడు మందు లోపలికి కూరి బిగించింది. మట్టిగట్టు వైపు తిప్పి, లోపల ఇరుక్కున్న లమ్ గుండు బయటికి పోయేలా పేల్చింది. తర్వాత గొట్టం తుడిచి, ఉత్త టోపీ కొట్టి నావైపు చూసింది. నేను పోచ పట్టుకునే ఉన్నాను. ఊగింది.

మందు పోసి, నూనెగుడ్డలో చుట్టిన గుండు కడ్డీతో అడుగుదాకా దించింది. పావడా సర్దుకుని దుంగ వెనక బోర్లా పడుకుంది.

"ఆడది దుంగ దగ్గర పడుకోటమేంటి ఆస్బరీ?"

"లమ్ పలకకు పందెం కట్టాడా లేదా? కట్టాడు. ఎవరు పడుకోవాలో ఈ పందెం మొదలెట్టిన మా తాత చెప్పలేదు, నేనూ చెప్పను. నోర్ముయ్యండి, గురి చెదురుద్ది."

ఆవిడ ఆరోదిగా వచ్చింది. "సీసం పర్మీలియమ్మకి!" అని ఒకటే నవ్వులు. ఆవిడ గొడ్డలి అడిగి తీసుకుని, ఎండ దిగేదాకా ఆ చెట్టు చెక్కి, గుళ్లన్నీ ఏరి ఏప్రాన్‌లో పోసుకుంది.

"నవ్వండి నాయనా నవ్వండి," అంది. "మీ గుళ్లన్నీ నా ఒళ్లో ఉన్నాయి."

ఆ తర్వాత పదకొండేళ్లు ఒక్క పందెమూ మానలేదు. గొడ్డు తొడ రెండుసార్లు గెలిచింది. సీసం మోసుకొచ్చిన ఏడాదే ఎక్కువ హుషారుగా ఉండేది. వదిన తుపాకీకి చేతబడి చేసిందని లమ్ ఇప్పటికీ చెప్పుకుంటాడు. అసలు సంగతి మిగతా మగవాళ్లందరికీ తెలుసు. ఒక్కరూ ఆయన చెవిన వేయలేదు. ఈ కొండల్లో నవ్వుకోవడానికి వాళ్లకు మాత్రం ఇంకేముంది?

నిన్న మధ్యాహ్నం ఆయన మళ్లీ వచ్చాడు. నెత్తిమీది టోపీ తీయకుండానే కూర్చున్నాడు.

"అమ్మాయ్, నేను వదులుకుంది వదిన బతికున్నన్నాళ్లే. రేపు పందెం. పొద్దున్నే వస్తా, సిద్ధం చేసి పెట్టు."

పెద్దవాళ్లకు నేనెప్పుడూ ఎదురు చెప్పలేదు. "అలాగే చిన్నమావయ్యా. కడిగి, కొవ్వు రాసి పెడతాను," అన్నాను.

"అద్దీ. మీ అత్తకున్న వంకర బుద్ధి నీకు లేదు," అని, నేను పెట్టిన రొట్టె తిని వెళ్లాడు.

మాట తప్పలేదు. మరిగే నీళ్లతో, తెల్లటి నీళ్లు వచ్చేదాకా కడిగాను. కొవ్వు రాశాను, అత్త రాసేదానికంటే ఒక వేలు ఎక్కువే. తర్వాత వాగు దాటి వెళ్లి, ఆస్బరీ కొడుకు దగ్గర నా పేరున ఒక పలక రాయించాను. "ఏ తుపాకీతో వదినా?" అన్నాడు. రేపు అక్కడికొచ్చాక చెబుతానన్నాను. కాసేపు నా మొహం చూసి, అతను నవ్వు ఆపుకోలేక తల పక్కకు తిప్పుకున్నాడు.

తెల్లవారింది. రెండు గిన్నెల కాఫీ నేనే తాగాను. ఏప్రాన్ జేబులో అత్త తాళంచెవి ఉంది, పిన్ను ఉంది. వంతెన మీద లమ్ మావయ్య బండి చప్పుడు వినిపిస్తోంది. తుపాకీ కొయ్యల మీదే ఉంది. టోపీల డబ్బా మూత తీయలేదు. పొడిగుడ్డ బల్ల మీద పెట్టిన మడతన అలాగే ఉంది.