బటన్ మీద బొట్టు

నరసరావుపేటలో సత్తెనపల్లి రోడ్డు మీద, మందుల కొట్టుకూ టైలర్ కొట్టుకూ మధ్య ఇరుక్కున్న ఆ చిన్న షాపుకు బోర్డు లేదు. ఒకప్పుడు ఉండేది, గాలివానకు ఎగిరిపోయింది. మళ్లీ పెట్టిద్దామని భార్య కనకలక్ష్మి అన్నప్పుడల్లా, "బోర్డు చూసి వచ్చేదెవరే, నన్ను చూసి వస్తారు గానీ" అనేవాడు వెంకటాద్రి. ఆ మాటలో కాస్త గర్వం ఉన్నా అబద్ధం మాత్రం లేదు. అటు ఈపూరు నుంచీ ఇటు నూజెండ్ల నుంచీ పాడైపోయిన లాప్‌టాప్‌ను చీర ముక్కలో చుట్టుకుని బస్సెక్కిన వాళ్లు, దిగి అడిగేది వెంకటాద్రి కొట్టెక్కడని.

వాళ్లది మూడు తరాల బట్టల వ్యాపారం. కొడుకు చేతికి గజం బద్ద ఇద్దామని తండ్రి రాఘవయ్య ఎదురుచూస్తుంటే, వీడు పదమూడో ఏట కొట్లో రేడియో విప్పి కూర్చున్నాడు. "షావుకారు కొడుకు చేతిలో టెస్టర్ ఏందిరా" అని ఆయన నాలుగు రోజులు మాట్లాడలేదు. అయిదో రోజు రేడియో మునుపటికన్నా బాగా పలికింది. ఆయన వార్తలు విన్నాడు, కోపం మాత్రం చచ్చేదాకా పూర్తిగా పోలేదు. రేడియోలు పోయి టేపురికార్డర్లు వచ్చాయి, అవి పోయి సీడీ ప్లేయర్లు, అవీ పోయి కంప్యూటర్లు వచ్చాయి. వచ్చిన ప్రతిదాన్నీ వెంకటాద్రి విప్పి చూసే నేర్చుకున్నాడు. కాలేజీ మొహం చూడనివాడు కాలేజీ పిల్లలకు పాఠం చెప్పే స్థాయికొచ్చాడు.

అతని దగ్గర ఒక పద్ధతి ఉంది. యంత్రం తెచ్చినవాళ్ల ఎదుటే విప్పుతాడు. "ఏమైందంటావు, బాగవుతదా?" అని గల్లాకు అవతలి నుంచి ఎవరన్నా తొందరపడితే, "విప్పకుండా లోపల ఏముందో ఎట్టా తెలుస్తది?" అంటాడు. ముప్ఫై ఏళ్లలో ఆ మాట ఎన్ని వేలసార్లు అని ఉంటాడో లెక్కలేదు. పక్కన స్టూలు మీద కూర్చుని, వచ్చిన సరుకు మీద పేర్లు రాసి అంటించే కనకలక్ష్మికి ఆ మాట వినీ వినీ నోటికొచ్చేసింది.

కిందటి ఉగాది దాటాక వెంకటాద్రి కుడిచెయ్యి వణకడం మొదలైంది. మొదట ఎవరికీ తెలియనివ్వలేదు. టీ గ్లాసు ఎడమ చేతిలోకి మారింది. "సగమే పొయ్యవే, అరగట్లేదు" అనేవాడు. సన్నటి టంకం పని వస్తే "ఇది హైదరాబాద్ పంపాలి" అని తిప్పి పంపేవాడు. పంపిన ప్రతిసారీ మొహం చిన్నబోయేది. ఒకనాడు చిన్న స్క్రూ పెట్టబోతే మూడుసార్లు జారిపడింది. కనకలక్ష్మి వంగి మూడుసార్లూ ఏరి ఇచ్చింది, నాలుగోసారి మాత్రం ఇవ్వలేదు. "రేపు డాక్టర్ దగ్గరికి పోదాం" అంది.

గుంటూరులో పెద్ద డాక్టరు తలకు స్కాన్ తీయించాడు. అందులో శనగగింజంత మచ్చ కనపడింది. ఇంతకుముందెప్పుడైనా తలకు స్కాన్ తీశారా అని అడిగాడాయన. తీశారు. ఎనిమిదేళ్ల కిందట ఈపూరు స్కూల్లో కంప్యూటర్లు బాగుచేసి వస్తూ వెంకటాద్రి బండి మీద నుంచి పడ్డాడు. అయితే ఆ పాతది పట్టుకు రమ్మన్నాడు డాక్టరు. మచ్చ అప్పుడే ఉండి, అంతే ఉంటే దాని జోలికి పోనక్కర్లేదు, వణుకుకు మందులు వాడుకోవచ్చు. అప్పుడు లేకపోతే ఇది పెరుగుతున్నట్టు. ఆపరేషన్ చెయ్యాలి, ఆలస్యం చెయ్యకూడదు. పది రోజుల్లో రండి అన్నాడు.

పాత స్కాన్ తీసిన సెంటరు ఎత్తేశారు. ఫిలిములు వాన కారి ఒకదానికొకటి అంటుకుపోయాయి. మిగిలింది అప్పుడు వాళ్లిచ్చిన సీడీ ఒక్కటే. అది ఎక్కడుందో వెంకటాద్రికి బాగా తెలుసు. షాపులో వాడే నల్లటి బరువైన లాప్‌టాప్ సీడీ డ్రైవ్‌లో ఉంది. అప్పట్లో తలకు కట్టుతోనే కూర్చుని, వచ్చినవాళ్లందరికీ చూపించాడు: "చూడండయ్యా, మా ఆవిడ ఖాళీ అంటది గానీ, బుర్రలో సరుకుంది." తరవాత పెన్‌డ్రైవ్‌లు వచ్చి, ఆ డ్రైవ్‌ను ఎవరూ ముట్టుకోలేదు. ఆ సీడీ అందులోనే ఉండిపోయింది.

గుంటూరు నుంచి వచ్చిన మర్నాడు పొద్దున్నే లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. సీడీని అది చదవలేదు. డ్రైవ్ ఉన్నట్టే తెర మీద కనపడలేదు. సరే, తీసి ఇంకోదాన్లో పెడదామని పక్కనున్న బటన్ నొక్కాడు. బటన్ కదల్లేదు. మళ్లీ నొక్కాడు, రాయిలా ఉంది.

అప్పుడు అతనికి గుండె తేలికైంది. ముప్ఫై ఏళ్ల మెకానిక్ జీవితంలో, ఒక వస్తువు పనిచెయ్యనందుకు సంతోషించడం అదే మొదటిసారి.

"బటన్ పోయిందే" అన్నాడు కనకలక్ష్మితో.

"నువ్వు చెయ్యలేనిదేముంది?"

"స్పేర్ దొరకదు, పాత మోడల్. చూద్దాం."

చూద్దాం అన్న ఆ మాట మీద నాలుగు నెలలు గడిచాయి. అడిగినప్పుడల్లా బటన్ కథే చెప్పేవాడు. హైదరాబాద్‌లో చెప్పాననేవాడు, వస్తుందనేవాడు. ఆమె నమ్మింది. ఈ మనిషి పని విషయంలో అబద్ధమాడడం ఆమె ఎన్నడూ చూడలేదు. మధ్యలో రెండుసార్లు డాక్టరు దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. వెంకటాద్రి లేచి రోడ్డు మీదికి పోయి మాట్లాడి వచ్చాడు. వణుకు చేతి నుంచి మోచేతి దాకా పాకింది.

భాద్రపదం వెళ్లేముందు ఒక మధ్యాహ్నం సయీదా వచ్చింది. ఆమె ఊళ్లోనే ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ టీచరు, చదువుకునే రోజుల్లో వెంకటాద్రి దగ్గరే రెండు వేసవులు పని నేర్చుకుంది. కీబోర్డు పోయిన లాప్‌టాప్ గల్లా మీద పెట్టి, భోజనానికి వెళ్లిన వెంకటాద్రి కోసం కూర్చుంది. మాటల్లో కనకలక్ష్మి తన బాధ చెప్పుకుంది. ఆ సీడీ ఒక్కటి బయటికొస్తే చాలు, ఏదో ఒకటి తేలిపోతుంది, ఈ బటన్ మా ప్రాణానికొచ్చింది అంది.

సయీదా తెల్లబోయింది. "బటన్ పోతే ఏంది పిన్నీ, పక్కనే సన్న కన్నం ఉంటది గదా. లాప్‌టాప్ ఆపేసి, జెమ్ క్లిప్పు తిన్నగా చేసి గుచ్చితే సీడీ ట్రే దానంతటదే బయటికొస్తది. రెండు నిమిషాల పని."

"మరి మీ బాబాయికి తెలవదా?"

"నాకు నేర్పింది బాబాయే పిన్నీ" అంది సయీదా. అన్నాక కనకలక్ష్మి మొహం చూసి, అనకుండా ఉండాల్సిందేమో అనుకుంది. మళ్లీ వస్తానని లేచి వెళ్లిపోయింది.

వెంకటాద్రి వచ్చేసరికి గల్లా మీద నల్ల లాప్‌టాప్ ఉంది. దాని పక్కన తిన్నగా సాగదీసిన జెమ్ క్లిప్పు ఉంది. కనకలక్ష్మి షట్టరు సగం దించింది.

"ఇది నీకు తెలుసా, తెలవదా?"

అతను క్లిప్పు వంక చూశాడు. ఇంక బుకాయించడానికి ఓపిక లేదు. "తెలుసు" అన్నాడు.

"నాలుగు నెలలు" అంది ఆమె. గొంతు పెంచలేదు. "దేవుడికి మొక్కినట్టు ఆ బటన్‌కు మొక్కుకున్నాను నేను. పనిచెయ్యి తల్లీ అని. నువ్వు పక్కన కూర్చుని చూస్తానే ఉన్నావు."

"భయమైందే కనకం." ఆ మాట అని అతను స్టూలు మీద కూర్చున్నాడు. "ఆ బొమ్మలో మచ్చ లేకపోతే తల కోస్తారు. కోసినాక ఈ చెయ్యి ఉంటదో లేదో. చెయ్యి లేకపోతే నేనెవర్ని? సీడీ లోపలున్నంత సేపూ, మచ్చ ఉందిలే అనుకుని బతకొచ్చు గదా అనుకున్నా."

కనకలక్ష్మికి ఏడుపు వచ్చింది, కోపం వచ్చింది, రెండిట్లో ఏది ముందో తెలియలేదు. చివరికి కోపమే గెలిచింది. "ఊరందరికీ చెప్తావుగా, విప్పకుండా లోపల ఏముందో ఎట్టా తెలుస్తదని. అది ఊరికేనా, ఇంటికి కాదా?"

వెంకటాద్రి క్లిప్పు అందుకున్నాడు. కన్నం గుండుసూది తలంత ఉంది. అతని చెయ్యి దాని చుట్టూ తిరిగింది తప్ప దాన్లోకి పోలేదు. ఆమె ఆ చేతిలోంచి క్లిప్పు మెల్లగా తీసుకుంది.

"నువ్వు చెప్పు, నేను చేస్తా."

గుచ్చింది. పోలేదు. కన్నం పూడుకుపోయి ఉంది. వెంకటాద్రి బల్ల దీపం దగ్గరికి లాగి, భూతద్దం పెట్టి చూశాడు. బటన్ చుట్టూ ఉన్న సందులోనూ కన్నంలోనూ ఏదో గట్టిగా పేరుకుని ఉంది. ఇయర్‌బడ్‌ను స్పిరిట్‌లో ముంచి తుడవమన్నాడు. ఆమె తుడిచింది. తెల్లటి దూది మొదట పచ్చబడింది, తరవాత ఎర్రబడింది.

కనకలక్ష్మి చెయ్యి ఆగిపోయింది. ఆ ఎరుపు ఆమెకు తెలుసు.

ఏటా దసరాకు షాపులో ఆయుధపూజ చేసేది ఆమే. స్క్రూడ్రైవర్లూ మీటర్లూ కడిగి పీట మీద పేర్చి, అన్నిటికీ గంధం, కుంకుమ పెట్టేది. మొదట్లో లాప్‌టాప్ మూత మీద పెడితే వెంకటాద్రే విసుక్కున్నాడు: "పైన పెట్టబాకే, మరకలు పడతయ్యి. పక్కన ఎక్కడన్నా పెట్టు." ఆమె పక్కకు తిప్పి చూస్తే గుండ్రంగా ఒక చోటు కనపడింది, బొట్టు కోసమే వదిలినట్టు. అప్పటినుంచి ప్రతి ఏడూ అక్కడే పెట్టింది. తడిగంధం సందుల్లోకి దిగి, దాని మీద కుంకుమ పడి, ఏటేటా గట్టిపడి, బటన్‌ను బిగించేసింది.

"నేను పెట్టిందేనా ఇదంతా" అంది.

"నువ్వు చల్లగా ఉండమని పెట్టావు. అది బిగిసిపోతే నీ తప్పేంది" అన్నాడు వెంకటాద్రి. "తప్పు బటన్‌ది కాదు, నీది కాదు. సూది తీసుకో. మెల్లగా గోకు. తొందర వద్దు."

ఆమె బియ్యంలో రాళ్లేరిన కళ్లతో, మల్లెలు కట్టిన వేళ్లతో గోకింది. కాసేపటికి కన్నం తేలింది. "తిన్నగా పట్టుకో, వంచబాకు. అడ్డు తగిలిందాకా పోనీ. తగిలిందా? ఇప్పుడు కొంచెం గట్టిగా." టిక్కుమని చప్పుడైంది. ట్రే వేలెడంత బయటికి జరిగింది. మిగతాది ఆమే వేళ్లతో లాగింది. సీడీ మీద నల్ల సిరాతో అతని పేరు, వయసు నలభై ఆరు అని రాసి ఉంది.

మర్నాడే గుంటూరు పోయారు. డాక్టరు రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. పాతదాంట్లో ఆ చోట ఏమీ లేదు, శుభ్రంగా ఉంది. ఆపరేషన్ చెయ్యాలి, దీపావళి లోపే అన్నాడు. తరవాత కళ్లద్దాలు తీసి, "పది రోజుల్లో రమ్మంటే నాలుగు నెలలేమిటి? అప్పుడే వచ్చుంటే ఇది ఇంకా చిన్నగా ఉండేది" అన్నాడు.

వెంకటాద్రి నోరు తెరిచాడు. అతనికి మాట రాకముందే కనకలక్ష్మి అంది:

"నా వల్లేనండీ. పూజకని బటన్ మీద కుంకం పెట్టి బిగిసిపోయేట్టు చేశాను. ఆయన చానా ప్రయత్నం చేశారు, రాలేదు."

వెంకటాద్రి కిటికీ వైపు తిరిగాడు. తండ్రి నాలుగు రోజులు మాట్లాడకపోయినప్పుడు కూడా రాని కన్నీళ్లు ఆ రోజు వచ్చాయి. తిరుగు బస్సులో అతను, బల్ల మీద ఏ స్క్రూ ఏ డబ్బాలో ఉంటుందో, కస్టమరు వస్తే మొదట ఏం చూడాలో, ఒక్కొక్కటే ఆమెకు చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె వద్దనలేదు, విన్నది.

ఆపరేషన్‌కు నాలుగు రోజుల ముందు దసరా వచ్చింది. ఎప్పటిలాగే కనకలక్ష్మి పనిముట్లన్నీ కడిగి పీట మీద పేర్చింది. అన్నిటికీ గంధం రాసి కుంకుమ పెట్టింది. నల్ల లాప్‌టాప్ దగ్గరికొచ్చి ఆగింది. ఈసారి మూత మీదే, నట్టనడుమ పెట్టింది. మరక పడుతుందని అతను అనలేదు.

తరవాత ఆమె గంధం గిన్నె పట్టుకునే వచ్చి అతని ముందు కూర్చుంది. కుడిచెయ్యి ఇటివ్వమంది. అతను ఇచ్చాడు. ఆమె ఎడమ చేత్తో గట్టిగా పట్టుకున్నా అది వణుకుతూనే ఉంది. మణికట్టు కింద గంధం రాసి, కుంకుమ అద్దింది. పెళ్లయిన ముప్ఫై ఏళ్లలో ఎన్నడూ చెదరకుండా ఆమె పెట్టే బొట్టు ఆ పూట పక్కకు చెదిరి, గీతలా సాగింది.

"వంకర పోయింది. తుడిచి మళ్లీ పెడతా ఉండు" అంది ఆమె, కొంగు తడుపుతూ.

"ఉండనీ కనకం" అన్నాడు వెంకటాద్రి. "బాగానే ఉంది."