నాట్ల వరుసలో చోటు

నా చిన్నప్పుడు కర్దనూరులో నాట్ల గుంపుకు పెద్ద మా నాయనమ్మే. ఆమె నోటికి ఊరంతా జడిసేది. కొత్త కోడళ్లయితే వరుసలో ఆమె పక్కన నిలబడాలంటేనే వణికేవాళ్లు. ఇప్పుడు ఆ పొలాల్లో ఫ్యాక్టరీ గోడలు లేచాయి గానీ, అటుగా ఆటోలో వెళ్లినప్పుడల్లా నాకు ఆమె కేకలే వినిపిస్తాయి.

మావైపు మగవాళ్లు నారు పీకి కట్టలు మోసేవాళ్లు, నాటు వేసేది ఆడవాళ్లు. పక్కింటి అక్కను మొదట్లో మేమంతా అన్నా అనే పిలిచేవాళ్లం. తనూ మగవాళ్లతో కలిసి కట్టలే మోసేది. ఇరవై ఏళ్లయినా నిండకముందే, తాను ఆడమనిషినని ఇంట్లో చెప్పేసింది. వాళ్ల నాన్న మండిపడ్డాడు. "నాట్ల వరుసల ఆడోళ్లు నిన్ను నిలవనిస్తే ఇంట్ల ఉండు, లేకుంటే ఊరిడిసి పో" అన్నాడు. ఎవరూ నిలవనివ్వరని ఆయన ధీమా.

మర్నాడు అక్క, వాళ్లమ్మ పాత చీరను గోచీ పెట్టి కట్టుకుని మడిలో దిగింది. నేను గట్టు మీద తమ్ముణ్ణి ఆడిస్తూ చూస్తున్నాను. ఆడవాళ్ల నాట్ల పాట ఆగిపోయింది. కొందరు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. వాళ్లమ్మ వరుస చివర వంగినది వంగినట్టే ఉండిపోయింది. ఇక అందరూ మా నాయనమ్మ వైపే చూశారు.

నాయనమ్మ తన పక్కనున్న మా అమ్మతో, "జెర గటు జరుగు, పిల్లను నిలబడనియ్యి" అంది. అంతే. అక్క ఇద్దరి మధ్యకూ వచ్చి వంగింది. నాలుగు మొక్కలు పెట్టిందో లేదో నాయనమ్మ అందుకుంది. "ఏందే, గింత లోతుకు గుచ్చుతున్నవ్? నారు సస్తది! మీ అవ్వ నీకు గిది గుడ నేర్పలేదా?" కొత్త కోడళ్లను వాళ్ల అమ్మలతో కలిపి తిట్టే తిట్లే, అక్షరం పొల్లుపోకుండా.

అసలే కష్టంలో ఉన్న మనిషిని ఇలా తిడుతుందేమిటని నాకు ఏడుపొచ్చింది. అప్పుడు వరుస చివర్నుంచి వాళ్లమ్మ తలెత్తి, "ఇయ్యాల్నే గదా అత్తా వచ్చింది! నేను నేర్పుత తియ్యి" అని గట్టిగా అరిచింది. అక్క కళ్లు తుడుచుకుంటే మొహమంతా బురదైంది. ఆడవాళ్లు మళ్లీ పాట ఎత్తుకున్నారు. వాళ్ల నాన్న తానన్న మాటకు కట్టుబడక తప్పలేదు. కొన్నాళ్లు మూతి ముడుచుకుని తిరిగి, తర్వాత ఆయనే సర్దుకున్నాడు. అక్క మా ఊళ్లోనే బతికింది.

ఈ కాలం పిల్లలకు ఇలాంటివి చెప్పుకోవడానికి మాటలున్నాయి, తోడుగా స్నేహితులున్నారు. కంది ఊరి దగ్గర హాస్టల్లో ఉండి చదువుకుంటున్న నా మనుమరాలు ఫోన్లో అన్నీ ఓపిగ్గా వివరించింది. నాకు సగమే తలకెక్కింది. మొన్నటిదాకా తనను మనుమడనుకున్నాం. చెవులకు కమ్మలు పెట్టుకుని మొదటిసారి ఇంటికొచ్చిన రోజు మా కొడుకూ కోడలూ చూస్తూ నిలబడిపోయారు. తను చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే ఆగింది. నేను పీట పక్కకు జరుపుకుని, "రావే, గీ చిక్కుడుకాయలు తుంచు" అన్నాను. వచ్చి కూర్చుంది. ఈనెలు తీయకుండానే తుంచుతుంటే చెడామడా తిట్టాను. తిట్టినకొద్దీ నవ్వింది పిల్ల.

నాయనమ్మ తలపుకొస్తే నాకు చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. మనకు అర్థమయ్యేదాకా మనిషిని బయటే నిలబెట్టకూడదని, ముందు జరిగి చోటివ్వాలని ఆమె వల్లే తెలుసుకున్నాను. ఆమే ఉంటే ఆ చిక్కుడుకాయలు చూసి నాకంటే గట్టిగా తిట్టేది.