సగం తోమిన చేప

డబ్లిన్ శివారు టాలట్‌లో మా అక్క ఇంట్లో నెలకోసారి గృహకూడిక జరిగేది. అక్క నర్సు. డ్యూటీ దిగి వచ్చి అందరికీ బిర్యానీ వండేది. హాల్లో పాటలు, ప్రార్థన, వాక్యం, వంటగదిలో ఆమె. మధ్య గోడలో గిన్నెలు అందించుకునే చిన్న కిటికీ. ఒకసారి పాస్టర్‌గారు బైబిల్లోని మరియ, మార్తల గురించి చెప్పారు. ప్రభువు పాదాల దగ్గర కూర్చున్న చెల్లెలు మరియ మంచిదాన్ని ఎంచుకుందనీ, వంట వదిలొచ్చి ఆమెను సాయం పంపమన్న అక్క మార్తకు పనే లోకమనీ. అందరూ కిటికీ వైపు చూసి నవ్వారు. అక్కా నవ్వింది. వాళ్ళు వెళ్ళాక, "ఇక మనింట్లో కూడిక వద్దులేరా," అంది. ఆ తర్వాత చర్చికీ రావడం మానేసింది.

ఊరి అవతల క్లోనీలో డేటా సెంటర్లు ఒకదాని వెనక ఒకటి లేస్తున్న రోజులవి. యంత్రాల వరసల మధ్య తిరుగుతూ, ఏది ఎక్కడుందో, ఏది మారిందో చూడడం నా ఉద్యోగం. బొమ్మల్నీ అలాగే చూస్తాను. డబ్లిన్‌లో ఒక గ్యాలరీలో బరోక్ కాలపు చిత్రం కనబడింది. బల్ల మీద రాగి గిన్నె, ఉల్లిపాయలు, రొట్టె, సగం పొలుసు తీసిన చేప, పక్కన కత్తి. బల్ల దగ్గర మనుషులు లేరు. వెనక గోడలో చిన్న కిటికీ. అందులో వేలెడంత ప్రభువు, పాదాల దగ్గర మరియ, ఎదురుగా నిలబడ్డ మార్త.

అక్కను తీసుకెళ్ళి చూపించాను.

"చూడక్కా, ముందు చోటంతా వంటకే ఇచ్చాడు. అంటే మార్త పనే గొప్పదని."

అక్క చాలాసేపు చేపనే చూసింది.

"కత్తి అక్కడే పడేసి వెళ్ళింది. చెల్లెల్ని సాయం పంపమని అడగడానికి."

"అవును."

"అక్కడ మాట పడ్డాక, మళ్ళీ వచ్చి ఈ చేప తోమాల్సింది ఎవర్రా?"

నేను మళ్ళీ చేప వైపు చూశాను.

"పని గొప్పదని నిన్నెవరు చెప్పమన్నారు? నాకూ అక్కడ కూర్చోవాలనే ఉంటుంది."

ఇంటికెళ్తూ లువాస్ ట్రామ్ దిగేముందు అడిగాను. "కూడిక పెడదాం అక్కా. వంట నాది."

"నీకు అన్నం వార్చడమే రాదు కదరా!"

"నేర్పు."

కూడిక రోజు వంటగదిలోకి తొంగిచూసిన ఆంటీ ఒకావిడ, "వంట నువ్వా బాబూ? అయితే ఇవాళ ఉపవాస ప్రార్థనే!" అంది.

అడుగు కొంచెం అంటింది. గరిటెతో గీకుతూ కిటికీలోంచి చూశాను. అక్క వెనక వరసలో నేల మీద కూర్చుంది. పాట మధ్యలో అలవాటుగా లేవబోయి నా వైపు చూసింది. గరిటె ఎత్తి చూపించాను.

మళ్ళీ కూర్చుంది.